టాలీ పుస్తకం

ముప్పై మూడేళ్ళు రేవులో టాలీ గుమాస్తాని.
ఓడ కడుపులోంచి లేచే ప్రతి స్లింగుకీ
పెన్సిలుతో నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం.
మాంగనీసు, గోధుమలు, గంధకం, ఒకసారి
గడ్డి నములుతూ రెండు గుర్రాలు.
ఏదీ నాది కాదు.
సాయంత్రం చొక్కా దులిపితే రాలే ఎర్రదుమ్ము కూడా
కంపెనీదే.
అంత సరుకు చేతులమీదుగా పోయినా
ఒక్క రాత్రీ నిద్ర చెడలేదు.

మరి ఇంటికొచ్చేసరికి ఏమయ్యేదో!
అద్దాల బీరువా మీద వేలిముద్ర పడితే
కోటవీధి ఆ చివరికి వినపడేలా అరిచేవాణ్ణి.

రిటైరయ్యాక బుద్ధొచ్చిందనుకున్నాను.
బీరువా మేనల్లుడికి,
రేడియో మంగలి సూరప్పడి కొట్టుకి,
గొడుగు, గడియారం, పెళ్ళినాటి పట్టుపంచె
అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ.
డబ్బాలో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం కదా,
ఇల్లు అలా నిండుకుంది.
నేను మాత్రం నిజంగానే నిండాను, అంచుదాకా.

పాత అలవాటు. ఇచ్చిన ప్రతిదానికీ గీత.
మొత్తం నూట పదిహేడు.

ఎండుచేపల గంపతో వచ్చే కాసులమ్మకి
పుస్తకం చూపించాను, చదువు రాదని తెలిసే.
గీతలకి చదువెందుకు?
వేలు పెట్టి లెక్కపెట్టి, నవ్వింది.
"రాసుకున్నావంటే ఇచ్చీసినట్టేటి బాబూ?
అప్పెట్టినట్టు గదా!"

ఆమె పడవ తుఫానుకి పోయింది.
ఇంకోటి కట్టించుకుంది. దానికీ పసుపు రాసింది,
దానికీ కళ్ళు దిద్దింది,
దాని తాడునీ చంటిపిల్ల జడలాగే చుడుతుంది.
ఇదీ పోతే? అన్నాను.
"పోతే పోతాది. ఉన్నన్నాళ్ళూ సూసుకోవాలి గదా."
గంప నెత్తికెత్తమని నన్నే ఓ చెయ్యి వెయ్యమంది.

ఆ రాత్రి నిద్ర లేదు.
డాల్ఫిన్ నోసు మీది దీపం కిటికీలోంచి వచ్చి
బీరువా లేని గోడని తడిమి పోయింది.
మళ్ళీ వచ్చింది. ఉన్నప్పుడూ ఇంతే తడిమేది.
సింహాద్రి అప్పన్న గుర్తొచ్చాడు.
ఏడాదికొక్కనాడు చందనం ఒలిపించుకుని కనిపిస్తాడు,
ఆ రాత్రికే మళ్ళీ పూయించుకుంటాడు.
ఒలిచినందుకు తేలికపడడు కాబోలు,
పూసినందుకు బరువెక్కడు.

మర్నాడు పుస్తకం కాసులమ్మకే ఇచ్చేశాను, పొట్లాలకి.
ఈ ఇవ్వడాన్ని ఎక్కడా రాయలేదు.
నూట పద్దెనిమిది అని
మనసులో అనుకున్న మాట నిజం.

వారానికి, నెత్తళ్ళ పొట్లం విప్పితే
నా గీతలే. ఉప్పుకి పొడిబారి,
అయిదోది మడతలో సగం చిరిగి.
ఏ వస్తువు తాలూకు పేజీయో చూద్దామని
కళ్ళజోడు కోసం తడుముకుంటున్నాను.