కింది మంచం

షార్జాల, రోలా పార్కు ఎనుక
ఏసీ నీళ్లు కారే గోడ పక్కకు
నాలుగు నెలలు పండుకున్నడు భూమన్న,
చెప్పులు తలకింద పెట్టుకొని –
అవి పోతే నడక పోతదని.

కంపెనీ మూతపడ్డది. పాస్‌పోర్టు ఎవలి సొరుగుల ఉన్నదో.

మేం ఐదుగురం తలా ఇంత ఏసినం.
లాండ్రీ జమీల్ చాచా జమానతు ఉన్నడు.
కింది మంచం, ఒక తాళంచెవి, గోడకు మేకు.

మేకుకు ఏం తగిలేయాల్నో తెల్వక
మొదటిరోజు ఖాళీ సంచి తగిలేసిండు.

నడిరాత్రి టక్కుమని సప్పుడైతే లేసిన.
బయట నిలబడి
తాళం ఏస్తున్నడు, తీస్తున్నడు.
"ఏందన్నా?" అంటే
"లోపలికి వచ్చుడు నేర్సుకుంటున్న" అన్నడు.

చెప్పులింకా తలకిందనే ఉన్నయి.
ఎవ్వలం ఏమనలే.
వచ్చే నెల కిరాయికి
ఇంకా నలభై దిర్హాములు తక్కువ.