ఎక్కువ తెగిన నెల

పరకాల సబ్ ట్రెజరీల మూడో టేబుల్ నాది.
లష్కర్ ఓదెలు బిల్లు మీద
ఎర్రసిరాతోటి నేనే రాసిన:
అధిక చెల్లింపు. నెలకు పద్దెనిమిది వందలు.
ఇరవై నాలుగు వాయిదాలు.

పదకొండేండ్ల కింద
ఒక్క ఇంక్రిమెంటు రెండుసార్లు ఎక్కింది.
ఎక్కించినాయన ప్రమోషన్ మీద పోయిండు,
ఓదెలు కాలువ కట్ట మీదనే ఉన్నడు.

నోటీసు తీసుకుంట అన్నడు:
"తూము దాటిన నీళ్లు సారూ,
ఏ మడిల ఇంకినయో నేనెట్ల చెప్పాలె?
అవ్వ కండ్ల ఆపరేషనైంది,
ఒకపారి మేడారం పోయినం,
కడమది యాదికి లేదు."

నేను స్టాంపు ప్యాడు తడిపిన.

ఇరవై నాలుగూ తెగినయి.
ఆపుమని రాసేటోడు లేక
ఇరవై అయిదోది గూడ తెగింది.

మొన్న వచ్చిండు, చేతిల పేస్లిప్పు మడతలు.
"ఇప్పుడు ఎవలు ఎవలికి బాకీ సారూ?"
దరఖాస్తు పెట్టుమన్న. మూడు కాపీలు,
ఏఈ సంతకం, రికవరీ రిజిస్టర్ జిరాక్సు,
అటెనుక బడ్జెట్ రావాలె.

తువ్వాల దులుపుకొని లేచిండు.
"పోత సారూ, షట్టర్ దించే యాళ్లయింది.
మా కాడ నిండంగనే మూస్తం."

నా ముంగట ఇరవై ఆరో నెల బిల్లు.
ఎర్రపెన్ను మూత
యాడనో పడ్డది.