ఏడో గడి

వాళ్ళ అర్ధరాత్రి గడువు
కాశీబుగ్గలో మా రెండో పీరియడ్‌కి ముగుస్తుంది.
పది ఇరవై తొమ్మిది. ఆపైన తలుపు మూసేస్తారట.

స్టాఫ్‌రూములో ఉన్నది ఒకటే కంప్యూటర్,
ఒక అక్షరం నొక్కితే రెండు పడతాయి.
మడ్డు సత్యరేఖ ఎలాంటిదో నేను చెప్పాలి,
నా మొహం ఎరగని వాళ్ళెవరో నమ్మాలి.

ఇంటరు చెప్పిన సార్లకి తీరిక లేదట.
"పదో తరగతి దాకా మీరే కదా టీచర్" అంటూ
డిసెంబరంతా నా స్కూటీ పక్కన నిలబడింది.
ఈ ఉత్తరం నేనెప్పటికీ చూడను అని
ముందే సంతకం చేసి పంపించింది.
రెండుసార్లు చదివించుకుని గాని
వేలిముద్ర వెయ్యని ఊళ్ళు మావి.
ఈ గుంటకి ఇంత నమ్మకం ఎక్కడిదో.

ఈ విద్యార్థి అనగానే మీకు తోచే మొదటి మాట?
మొండిఘటం.
ఇంగ్లీషులో ఏమంటారో నిఘంటువు తీశాను.
దొరికిన మాట మరీ నీటుగా ఉంది,
ఇస్త్రీ చేసిన యూనిఫారంలా.
అదే రాశాను.

కింద ఏడు గడులు.
సగటు కన్నా తక్కువ. సగటు. బాగు. చాలా బాగు.
నూటికి పదిమందిలో. నూటికి అయిదుగురిలో.
ఆఖరిది:
మీ ఉద్యోగ జీవితంలో తారసపడిన కొద్దిమందిలో ఒకరు.

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం.
మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది.
ఆ గడిలో ముందే ఒకర్తె కూర్చుని ఉంది.

తవిటమ్మ.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
చేటలో పడుకోబెట్టి తవుడుకి కొనుక్కున్న పిల్ల.
ఏడో తరగతి, గోడ పక్క బెంచీ.
రుణం ఇంటూ రుణం ధనం అని బోర్డు మీద రాస్తే
లేచి నిలబడింది.
"అప్పుని అప్పుతో పెంచితే లాబమెలాగవుద్ది టీచరమ్మా?
మా ఇంటికాడ ఎప్పుడూ అవ్వనేదు."
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
పుస్తకంలో ఉన్నది చెప్పాను.
కూర్చుంది గాని ఒప్పుకోలేదు.
మర్నాడు ప్రార్థన అవకముందే పరిగెత్తుకొచ్చింది:
"రెండేసి వందల అప్పులు మూడు కొట్టీసినారనుకో,
ఆరొందలు మనకి మిగిలినట్టే కదేటి!"
ఆ ఆగస్టు తర్వాత బడికి రాలేదు.
నేను మాత్రం ఏటా ఆ జవాబే చెబుతున్నాను,
నాదే అన్నట్టు.
సత్యరేఖకీ అదే చెప్పాను.

ఇప్పుడది పలాసలో జీడిపప్పు బట్టీలో
గ్రేడింగు బల్ల ముందు కూర్చుంటుంది.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క.
పౌనుకి నూటెనభై తూగేవి వేరే,
మూడొందల ఇరవై తూగేవి వేరే.
తొక్క వలిచిన రోజుల్లో జీడిసొన
వేళ్ళ మీది గీతలన్నీ తినేసింది,
రేషన్ మిషన్ దాని బొటనవేలిని గుర్తుపట్టదు.
"అంత వేగంగా ఎలా తెలుస్తుందే?" అన్నాను ఒకసారి.
"సూడక్కర్నేదమ్మా, సెయ్యే సెప్పేస్తాది."

నా చెయ్యి ఏమీ చెప్పడం లేదు.
పది ఇరవై మూడు.

ఎవర్ని చూశారో చెప్పమన్నారు,
చూస్తుండగా బెంచీ ఖాళీ చేసి పోయినవాళ్ళని
లెక్కలో వెయ్యాలో వద్దో
నోట్‌లో ఎక్కడా లేదు.
సత్యరేఖ తప్పేమీ లేదు ఇందులో.
గ్రహణం రోజు బడి ఎగ్గొట్టి
పెంకుల సందులోంచి పడ్డ నీడల్ని కొలిచిన పిల్ల.
ఆ సంగతి ఉత్తరంలో రాశాను.
రెండో సంగతి ఎక్కడ రాయను?

పది ఇరవై ఆరు.
ప్రశ్న మళ్ళీ చదివాను,
లెక్క తప్పినప్పుడు పిల్లల్ని చదవమన్నట్టు, మాట మాటా.
కొద్దిమందిలో ఒకరు.
ఒక్కరే అనలేదు వీళ్ళు.
కొద్దిమంది అంటే ఇద్దరైనా అవుతారు.

"కాస్త జరుగు" అన్నాను తవిటమ్మతో.
జరిగిందో లేదో తెలీదు.
టిక్కు పెట్టి, పంపు నొక్కాను.

తెర మీద గుండ్రం తిరుగుతోంది.
కిటికీ ఊచల అవతల సత్యరేఖ
గడియారం చూడ్డం మానేసి నన్నే చూస్తోంది.
ఏడో తరగతి గదిలోంచి ఒకటే గోల.
రుణసంఖ్యలు సగం మందికి ఎక్కలేదు,
ఇవాళ మళ్ళీ చెప్పాలి.
ఈసారి ఎవరు చెప్పిందో కూడా.

గుండ్రం ఇంకా తిరుగుతోంది.