వేయించిన బార్లీ

ఫోషాన్‌లో వసంతం మొదట్లో గోడలకు చెమట పడుతుంది.
కొట్లో నూట ఇరవై సొరుగుల బీరువా ఉబ్బిపోయి
లాగితే గొణుగుతుంది, రాదు.
ఆ పొద్దున లాయ్ సావ్‌కాన్ వచ్చింది,
లోపలికొచ్చాక కూడా గొడుగు మూయకుండా.

కోడలు యూక్‌ఛింగ్‌కి నెల తప్పిన దగ్గర్నుంచీ ఈవిడ మాకు అలవాటే.
ముదురల్లం బుట్టెడు కొన్నది పక్క అంగట్లోనే.
నల్లటి తీపి వెనిగర్‌లో వేసి జాడీకెత్తి
వారానికోసారి మరగబెడుతుంటే
వీధి వీధంతా ముక్కుతోనే నెలలు లెక్కపెట్టింది.
బిడ్డ పుడితే ఇంటికో గిన్నె, ఎర్ర రంగద్దిన గుడ్డు.
మా సందులో కబురంటే అదే.

చీటీ ఇచ్చింది. చదువుతూ తూచాను.
దాంగ్‌గుయ్ వేరు, ఎనిమిది చియెన్లు.
పీచ్ పిక్కల పప్పు లెక్కపెట్టి పద్నాలుగు.
మాడ్చిన శొంఠి, తేనెలో వేయించిన అతిమధురం,
పాత రక్తం పోయి కొత్తది ఊరడానికి.
నాలుక చివర మాట సిద్ధంగా ఉంది:
పిల్లా, పిల్లాడా?
పొట్లానికి ఎర్ర కాగితం అందుకున్నాను.

అప్పుడు చూశాను చివరి పంక్తి.
వేయించిన బార్లీ మొలకలు, రెండు గుప్పిళ్ళు.

పాలు ఇంకించే మందు.

మోక్ తాత నా చేతిలోంచి ఎర్ర కాగితం లాగేసి
మట్టి రంగుది పెట్టాడు.

"జాడీ ఉంది కదా," అందామె. "తాగించొచ్చా?"
తాత కళ్ళద్దాలు తుడిచాడు, చాలాసేపు.
ఆ తేమలో ఎంత తుడిస్తే మాత్రం.
"కన్నది కదమ్మా.
బిడ్డ లేదని ఒంటికేం తెలుసు?
నెల్లాళ్ళూ గాలి తగలనీకు, చన్నీళ్ళు ముట్టనీకు.
బాలింతే."

తల ఊపింది. డబ్బిచ్చేటప్పుడు
రెండు యువాన్లు తగ్గించమంది, ఎప్పట్లాగే.
కుదరదన్నాను, ఎప్పట్లాగే.
ఆ బేరమే లేకపోతే ఇద్దరం ఏమైపోయేవాళ్ళమో.
పొట్లం కట్టేముందు
ఎర్ర ఖర్జూరాలు గుప్పెడు జారవిడిచాను, లెక్కలో రాయలేదు.

పన్నెండో నాడు సందులోకి వచ్చింది వాసన,
అల్లం, పులుపు, పంది కాళ్ళ జిగురు.
తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.
ఎవరూ గిన్నె తీయలేదు.
ఎదురింటి కాంగ్ ముసలమ్మ మాత్రం
ఉడికించిన గుడ్లు ఆరు ఆ గుమ్మంలో పెట్టి వచ్చిందట,
జాడీలోకి.
రంగు వేయనివి.