ఏరు మగ, వంతెన ఆడ

ప్రతి బేస్తవారం తెల్లారుజామున నాలుగున్నరకి
ఒంగోలు సౌత్ బైపాసు మలుపులో
నా పాత ఇండికా ఆగుతుంది.
డాష్‌బోర్డు మీద మూడు డబ్బాల్లో కట్టుడు పళ్ళు,
నెల్లూరు పొగతోట డాక్టర్లకి.
పళ్ళు నేనే పోస్తా, నేనే నునుపు పెడతా,
నవ్వేది మాత్రం ఎవురో.

ఒక్కడినే పోతే డీజిలు గిట్టదు.
అందుకని మూడు సీట్లు. అద్దె అంటే అద్దె కాదు,
మనిషికి నూటెనభై, టోలు నాది.

ఈ వారం ముందు సీట్లో రొయ్యల మస్తానయ్య,
కాళ్ళ సందున చెరువునీళ్ళ సీసాలు ఆరు,
ఒక్కోదానికి గుంట నంబరు రాసిన ప్లాస్టరు ముక్క.
వెనకాల ఖాజాబీ, ఒళ్ళో టిఫిను క్యారేజీ,
పెద్దాసుపత్రిలో తమ్ముడికి కిడ్నీలో రాయంట.
ఆమె పక్కన కొత్త పిల్ల, దీవెన.
రాత్రే కొండపి నుంచి వచ్చి ఎవురింట్లోనో పడుకుందంట.
నర్సు చదువు అయిపోయింది,
పదింటికి నెల్లూర్లో జర్మను పరీక్ష.

టంగుటూరు టోలు దాటినాక
ఫోను వెలుగులో ఒకటే సణుగుడు.
దెయ్యం పట్టిందేమోనని ఖాజాబీ జరిగి కూర్చునింది.

"ఏందమ్మా అది?"
"పాఠమన్నా. లైప్జిగ్ నుంచి డ్రెస్డెనుకి కారు.
ఒకాయన కారు, మిగతావాళ్ళు పెట్రోలు పంచుకుంటారు."
నాకు నవ్వాగలా.
"దీనికి అంత దూరం పోవాల్నా తల్లీ?"

రెండో మనిషి మాట చెప్పేవాళ్ళు లేక
ఇంట్లో బీరువాతో చెప్పించుకుంటా ఉందంట.
సింగరాయకొండ దాటేలోపు
నేను డ్రైవరు ముల్లరు దొరని,
మస్తానయ్య ఆలస్యంగా వచ్చిన పాసింజరు.
ఖాజాబీకి ఒకటే మాట ఇచ్చింది: యా. అంటే సరే.
ఉలవపాడు దాకా ఆమె అన్నిటికీ యా అనింది,
ముల్లరు డబ్బులు చాల్లేదన్నప్పుడు కూడా.

తర్వాత వచ్చిపడింది తంటా.
ఆ భాషలో సామాన్లకి కూడా ఆడా మగా ఉందంట.
చెంచా మగ. ఫోర్కు ఆడ.
కత్తి రెండూ కాదు.
"రొయ్య?"
వెతికి చెప్పింది. "ఆడ."
మస్తానయ్య సీసాల వైపు చూసుకున్నాడు,
ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లు గుర్తొచ్చినట్టు.
"పన్ను?" అడిగింది నేనే.
"మగ."
పోయిన నెల కావలి ముసలామె
నోట్లో ఇమడలేదని సెట్టు తిరగ్గొట్టింది.
ఇందుకేనేమో.

అప్పుడనింది ఖాజాబీ:
"మనకి లేదే ఈ పంచాయితీ!
బస్సొచ్చింది, కోడలొచ్చింది, వానొచ్చింది,
ఒకటే కూత గదా."

కొంచేపు ఎవురూ మాట్లాడలా.
ఆడమనిషినీ అరుగునీ
ఒకే క్రియలో కూర్చోబెట్టిన భాష.
నలభై ఏళ్ళు మాట్లాడి, ఇవాళ విన్నా.
దీవెన అద్దంలోంచి నన్ను చూసింది.
"అందుకే నాకు తప్పులన్నా.
అన్నిటినీ 'అది' అనే అంటా.
హాస్టల్లో నన్నూ అట్నే పిలిచేది."

ముసునూరు టోలు. ఫాస్టాగు మూడోసారికి పలికింది.
బిట్రగుంట కాడ మంచు, ముందు లారీ ఎర్రలైట్లు తప్ప
లోకం లేదు.

కోవూరు దాటినాక పెన్న.
నీళ్ళు ఒక పక్కనే, మిగతాదంతా ఇసక,
ఇసకలో ఎవురో గొర్రెల్ని తోలుకుపోతా ఉండారు.
"ఏరు?"
"మగన్నా."
"మా పెన్నమ్మా!" ఖాజాబీ నోరు నొక్కుకునింది.
"మరి ఈ వంతెన?"
"ఆడ."
"అట్ట చెప్పు. మోసేదెవురో
వాళ్ళకీ తెలిసిందన్నమాట."

ఆత్మకూరు బస్టాండు కాడ దిగి,
కిటికీలోంచి నోట్లు చాపి,
పాఠంలో ఆఖరి మాట అడిగింది జర్మన్లో:
నేను మీకెంత బాకీ?
ముల్లరు చెప్పాల్సింది నేను మర్చిపోయినా.
అందియ్యలా ఆ పిల్ల. పరీక్ష పెట్టినట్టు నిలబడింది.
వెనక సీట్లోంచి ఖాజాబీ గట్టిగా కాపాడింది:
"యా!"

లెక్కబెడితే నూటతొంభై ఉండాయి.
తలెత్తేసరికి ఆటోల మధ్యన కలిసిపోయింది.
ఆ పది రూపాయలు
ఆడో మగో అడగలా.