ఉంటున్నవారికి

కవరు మీద నా పేరు లేదు.
"ఈ ఇంట్లో ఉంటున్నవారికి" అని మాత్రం ఉంది.
ఉంటున్నవారు.
ఆరేళ్లలో నన్నింత సరిగ్గా
ఎవరూ పిలవలేదు.

మూడొందల పన్నెండు శుక్రవారాలు.
గ్రిమ్స్‌బీ చేపల ఫ్యాక్టరీలో చలిగది షిఫ్టు దిగి
వేళ్లకు కాడ్ వాసన వదలకముందే
మిస్టర్ లెగట్ అరచేతిలో అద్దె పెట్టాను.
ఆ చెయ్యి బ్యాంకు దాకా సాగలేదని
ఇప్పుడీ కాగితం చెబుతోంది:
ఇల్లు జప్తు. పదహారున విచారణ.

అప్పు ఆయనది, తిప్పలు నావి.

ఫోను మోగుతుంది, ఎత్తడు.
వాళ్ల చెల్లెలింటికి వెళ్తే
స్పెయిన్‌లో ఉన్నాడంది,
కాదు, స్కెగ్నెస్‌లో అంది,
తర్వాత గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.
తిట్టడానికి వెళ్లినదాన్ని
రుమాలు ఇచ్చి వచ్చాను.

ఆయన రసీదులు రాసిచ్చేది
గుర్రప్పందేల చీటీల వెనక.
ఆరేళ్లూ నా వైపే చదువుకున్నాను,
ఒక్కటీ తిప్పి చూడలేదు.

"కొంప నీది కానప్పుడు
కోర్టులో నీకేం పని?" అన్నాడు పక్కింటి సిరిల్.
నేనూ అలాగే అనుకున్నాను,
లైబ్రరీ మేడమీద మంగళవారాలు మాత్రం కూర్చునే
టెమీ అనే పిల్ల
నా చీటీలన్నీ బల్ల మీద పరిచేదాకా.
"నువ్వు అప్పు తీసుకోలేదు.
అద్దె ఎగ్గొట్టలేదు.
అక్కడ ఉంటున్నావు.
వెళ్లి ఆ మాట చెప్పు,
వినమని చట్టంలో ఉంది."
చెబుతూనే సగం శాండ్‌విచ్ నా వైపు తోసింది.

కోర్టు గదిలో హీటర్ వేడిగా ఉంది.
బ్యాంకు లాయరు తలెత్తకుండా అన్నాడు:
"ఆ ఇల్లు అద్దెకివ్వడానికి మా అనుమతి లేదు.
మా లెక్కలో అక్కడ అద్దెదారు అంటూ లేరు."
లేనిదాన్ని
మూడో వరసలో కోటు వేసుకుని నిలబడి ఉన్నాను.
దగ్గొచ్చింది.
పడగ్గది గోడ చెమ్మ
నా ఊపిరితిత్తుల్లోంచి సాక్ష్యం చెప్పింది.

జడ్జిగారు ఒక చీటీ తిప్పి చూశారు.
"ఈ గుర్రం గెలిచిందా?"
తెలీదండీ, అన్నాను. గెలిస్తే ఇక్కడ ఉండం కదా.
ఆవిడ నవ్వలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రెండు నెలలు.
అంతకుమించి ఇచ్చే అధికారం నాకు లేదు.
ఈ రెండు నెలలూ అద్దె బ్యాంకుకే కట్టండి."

దీన్ని న్యాయం అనను.
అన్నం కాదు, గంజి.
ఆకలి మీదున్నవాళ్లు
గంజికి వంక పెట్టరు.
రెండు నెలలంటే
డిపాజిట్ కోసం ఉత్తరాలు రాయొచ్చు,
కొత్త గది చూసుకోవచ్చు,
వీధిలో పరుపు పెట్టుకుని
వానకి దుప్పటి కప్పే పని తప్పుతుంది.
బ్యాంకు నాకు మొదటిసారి రాసిన ఉత్తరంలో
నా పేరుంది. హేజెల్ టాస్కర్.
అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
ఎందుకో మొదటి కవరే దాచుకున్నాను.

అగ్రిమెంటులో పదకొండో షరతు:
గోడలకు మేకులు కొట్టరాదు.
అందుకే మా నాన్న పనిచేసిన ట్రాలర్ ఫోటో
ఆరేళ్లుగా నేలమీద గోడకి ఆనుకుని ఉంది,
ఊడ్చినప్పుడల్లా పక్కకి జరుగుతూ,
బాడుగ మనిషిలాగే.

ఆ రాత్రి సిరిల్‌ని సుత్తి అడిగాను.
"వదిలిపోయే ఇంటికి మేకెందుకే?" అన్నాడు.
అంటూనే తెచ్చాడు,
టార్చి కూడా పట్టాడు.
మూడో దెబ్బకి సున్నం పెళ్లగా రాలింది.
ఫోటో నిలిచింది, కాస్త వంకరగా.
పడవ ఎడమకి ఒరిగింది.
ఐస్‌లాండ్ నీళ్లలో అలాగే ఒరిగేదని
నాన్న చెప్పేవాడు.
సరిచేయలేదు.

తొమ్మిదో శుక్రవారం
ఫోటో తీసుకుని వెళ్లిపోతాను.
మేకు అక్కడే ఉంచుతాను,
తర్వాత
ఉంటున్నవారికి.