పాత ఫాంటు

రాత్రి అప్‌డేట్ అయింది, నన్నడగలే.
పొద్దుగాల హన్మకొండ చౌరస్తల షట్టర్ లేపి చూస్తే
తెర మీద తెలుగు లేదు, అన్నీ డబ్బాలు.
దినాల కార్డుల రాజమొగిలి పేరు
ఐదు ఖాళీ గళ్ళు.

ఫాంటు పీకి మళ్ళేసిన.
పరకాల శ్రీహరన్న ఫోన్ల చెప్పినట్టు
మూడుసార్లు బందువెట్టి సాలువెట్టిన.

స్టూలు మీద సారక్క, ఆయన పెండ్లాం,
కండ్లు చిట్లించింది:
"మంచిగనే ఉన్నది గద బిడ్డా,
నాకెప్పుడూ రాత గిట్లనే కనవడ్తది."

ఇగ అప్‌డేటే వెనక్కి తీసిన.
ముప్పైనాలుగు శాతం కాడ ఆగి, చాయ్ చల్లారినంక కదిలి,
మాపటికి పేరొచ్చింది.

"ఇండ్ల ఆయన యాడున్నడు?"
ఆమె వేలు పట్టుకొని
ఐదక్షరాల మీద మెల్లగ నడిపిచ్చిన.
'గి' మీది గుడి
ఇంకా కొంచెం పక్కకే ఉన్నది.